పొయ్యి దగ్గర అత్తా అల్లుడూ

మా ఇంట్లో వంట నాది. పెళ్లయిన కొత్తలో ఈ మాట బయట చెప్పడానికి మొహమాటపడేవాణ్ణి. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెప్తున్నాను.

నా భార్య జడ్చర్లలో ఒక దవాఖానలో నర్సు. ఆమె డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. నేను అదే ఊళ్లో ఒక చిన్న కంపెనీ స్టోర్సులో పని చేస్తాను. పొద్దున పోతే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటాను. ఇద్దరిలో ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్లు పొయ్యి ముట్టించాలనుకున్నాం. నేనే ముందు చేరేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె ముందు చేరిన రోజు కూడా నా కోసం చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

తీరిక ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. వంట నాకు ఇష్టం. నారాయణపేట దగ్గర మా ఊళ్లో అమ్మా బాపూ ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. ఇంటి దగ్గర బాపు తల్లి, మా అవ్వ, ఉండేది. ఆమెకు చూపు మందగించాక జొన్నరొట్టె తట్టడం నాకు నేర్పింది. పిండిలో కాగిన నీళ్లు పోసి, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ పిసికేవాణ్ణి. "మొగపిల్లగానికి గిదేం పని?" అని పక్కింటివాళ్లంటే, "ఆకలి మొగపిల్లగానికి కాదా?" అనేది అవ్వ. అంతటితో ఆ చర్చ అయిపోయేది.

అందుకే మా వంటింటి అరల్లో నా ఊరి సరుకే ఎక్కువగా ఉండేది. జొన్నలు, పల్లీలు, నువ్వులు, అవిసెల పొడి, ఎండుమిరపకాయలు. నల్లబడిన పాత చింతపండు గింజలతోనే ఒక డబ్బాలో ఉండేది. నా భార్యది డ్యాము పక్కనున్న నందికొండ. కృష్ణ ఒడ్డున చేపలు తిని పెరిగిన మనిషి. నా అరలు చూసి, "మీ ఇంట్ల అన్నీ దంచుడు, పొడి జేసుడేనా? జర తడిది ఏమన్న ఉంటదా?" అని నవ్వేది.

తెలంగాణ వచ్చిన ఐదేళ్లకు, ఉగాది ముందర, మా అత్తమ్మ కుడి చెయ్యి విరిగింది. మామ నందికొండలో కాలువ తూముల దగ్గర నీళ్లు వదిలే లస్కరుగా పని చేసి, మా పెళ్లికి ముందే పోయాడు. అత్తమ్మ బస్సులు ఆగే చోట చిన్న కొట్టు పెట్టుకుని, డ్యాము చూడవచ్చిన వాళ్లకు చేపలు వేయించి అమ్మేది. ఆమె చేపల పులుసు వండితే వాసనకే చుట్టాలు వస్తారని మా బావమరిది అనేవాడు. ఒక పొద్దున కొట్టు ముందర తడి మెట్టు మీద జారి, ఆ చెయ్యి మీదే పడింది. నా భార్య వెళ్లి తల్లిని జడ్చర్లకు తీసుకొచ్చింది. తను పనిచేసే దవాఖానలోనే సిమెంటు పట్టీ వేయించి, కొన్నాళ్లు మా దగ్గరే ఉండాలని గట్టిగా చెప్పింది.

అత్తమ్మ మా గుమ్మంలోకి వచ్చిన తీరు నాకింకా కళ్ల ముందే ఉంది. కుడి చెయ్యి మెడకు వేలాడుతోంది. ఎడమ చంకలో ఒక స్టీలు డబ్బా. కొంగు తల మీద నుంచి జారకుండా పళ్లతో పట్టుకుంది.

"ఆ డబ్బా బస్సులో నాకియ్యమంటే ఇయ్యలే," అంది నా భార్య.

"ఉత్త చేతులతోని అల్లుని ఇంటికి పోతారే?" అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా. డబ్బాలో ఎండు రొయ్యలున్నాయి.

వాళ్ల వైపు అత్త అల్లుడి ఎదుట కూర్చోదు. ఎదురుపడి మాట్లాడదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో అన్నది, "బాగున్నవా అల్లుడా?" అన్న ఒక్క మాటే. అదీ తలుపు చాటు నుంచి. నేను నందికొండ వెళ్లినప్పుడల్లా కంచం నిండా చేప ముక్కలు పంపేది. వద్దంటే ఇంకో రెండు వచ్చేవి. అలాంటి మనిషికి ఇప్పుడు నేను వండి పెట్టాలి.

మొదటి సాయంత్రం పప్పు, అన్నం, వంకాయ కూర చేసి స్టూలు మీద పెట్టాను. ఎడమ చేత్తో తినడానికి వీలుగా చెంచా కూడా పెట్టాను.

"నాకు ఆకలైతలేదు అల్లుడా. మధ్యాహ్నం తిన్నదే అరగలే," అంది గోడతో.

మర్నాడూ అదే మాట. నా భార్యకు కోపం వచ్చింది.

"అమ్మా, మందులేసుకోవాలె. తినకుంటే ఎట్ల?"

"అల్లుడు వండి వెడ్తే అత్త కూసోని తినుడా? నలుగురు ఇంటే నవ్వరా?"

"నలుగురు ఎక్కడున్నరే? ఇంట్ల ఉన్నదే ముగ్గురం!"

చివరికి నేనే ఒక దారి కనిపెట్టాను. వండి, కంచంలో పెట్టి, మిద్దె మీదికి వెళ్లిపోయేవాణ్ణి. కిందికి వచ్చేసరికి కంచం ఖాళీగా, ఒంటి చేత్తో కడిగి బోర్లించి ఉండేది. ఆమె తిన్నదని సంతోషమే. కానీ ఒక బాధ మిగిలేది. వండేవాడికి తిన్నవాళ్ల నోటి నుంచి ఏదో ఒక మాట వినపడాలి. ఉప్పెక్కువైందనైనా అనాలి. నా కూరల గురించి అత్తమ్మ ఏమనుకుంటోందో ఆ కడిగిన కంచం చెప్పేది కాదు.

ఉగాది దాటాక ఒక ఆదివారం. నా భార్య డ్యూటీకి పోయింది. నేను కూరగాయల కోసం బజారుకు పోతే, ఒక ముసలామె ముందు గోనెపట్టా మీద చింతచిగురు కుప్ప కనపడింది. ఆ ఏడు నేను చూసిన మొదటి చిగురు అదే. లేత ఎరుపు, కొసలకు పసుపు. చింతచిగురు వచ్చిందంటే ఎండాకాలం వచ్చేసినట్టే లెక్క. కానీ దాన్ని చూస్తే ఎండ సంగతి గుర్తుకురాదు, నోట్లో నీళ్లూరుతాయి. రెండు దోసిళ్ల చిగురు కొనుక్కుని ఇంటికొచ్చాను. అత్తమ్మ తెచ్చిన డబ్బా మూత తీసి, రొయ్యలు గిన్నెలో పోసి, నూనె సీసా అందుకున్నాను.

"తలకాయలు గిల్లినవా?"

ఉలిక్కిపడి చూశాను. వంటింటికీ హాలుకూ మధ్య ఒక పూల పరదా ఉండేది. దాని కింద రెండు పాదాలు కనపడుతున్నాయి.

"ఎవరివి అత్తమ్మా?"

"రొయ్యలవి!"

గిల్లలేదు. గిల్లాలని నాకు తెలియదు. మా ఊళ్లో రొయ్యలు తినడమే అరుదు. పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్క రొయ్య తలా తోకా తుంచడం మొదలుపెట్టాను.

"నూనె ఇప్పుడే పొయ్యకు. ఉత్త పెంకల ఏంచు ముందుగాల. సన్న మంట మీద."

వేయించాను. పెంక మీద రొయ్యలు చిటపటమన్నాయి. ఇల్లంతా ఆ వాసన నిండింది. పరదా కొంచెం జరిగింది.

"చిగురు నలిపినవా?"

"కడిగిన అత్తమ్మా."

"కడిగితే అయితదా? అరచేతుల నడ్మ పెట్టి నలుపు. ఈనెలు కిందికి రాలుతయి."

నలిపాను. నా బలమంతా పెట్టి నలిపేసరికి చిగురు ముద్దయింది. "అయ్యో అయ్యో, పిండి పిసికినట్టు కాదు!" అంటూ పరదా తోసుకుని లోపలికే వచ్చేసింది. చూపిద్దామని ఎడమ చేత్తో గుప్పెడు చిగురు తీసుకుంది. రెండో అరచెయ్యి సిమెంటు పట్టీలో ఉంది కదా, ఆ పట్టీకేసి రుద్దింది. తెల్లటి పట్టీ మీద పచ్చటి మరక పడింది. చిగురంతా నేల మీద పడింది. ఆమె ఆ మరక చూసుకుంది, నన్ను చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె గొంతెత్తి నవ్వగా వినడం నాకదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం నేను కంచంలో పెట్టి మిద్దె మీదికి పోబోతుంటే, "నువ్వు గూడ పెట్టుకో. సల్లారితే రొయ్య నీసు కొడ్తది," అంది. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వీపుకు వీపు పెట్టి ఇద్దరం అన్నం తిన్నాం. కాసేపటికి వెనక నుంచి మాట వినపడింది.

"పులుపు మంచిగ అంటింది."

ఆ ఒక్క మాటకు నాకు కడుపు నిండిపోయింది. అయినా ఇంకోసారి పెట్టుకున్నాను.

సాయంత్రం నా భార్య వచ్చి సంగతి విని, మా ఇద్దరి ముఖాలూ చూసి, పరదా ఊడదీసి ఉతకడానికి వేసింది. తర్వాత దాన్ని మళ్లీ కట్టలేదు. ఇప్పుడది మా పాత కూలర్ మీద కప్పి ఉంది.

అప్పటి నుంచి వంటింట్లో మాటలు సాగాయి. నాకు నేరుగా చెప్పడం ఇంకా అలవాటు కాలేదు కాబట్టి, గిన్నెలకు చెప్తున్నట్టు చెప్పేది. "గా కూర అడుగంటుతాంది." "గీ ఉల్లిగడ్డ ఇంకా జర ఎర్రగ్గావాలె." నేను గిన్నెల తరఫున జవాబిచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం నేను జొన్నరొట్టె తడుతుంటే వచ్చి నిలబడింది. వాళ్ల వైపు కాలువ నీళ్లొచ్చాక అందరూ వరి అన్నానికి మళ్లారు. రొట్టె తట్టే చేతులు తగ్గిపోయాయి. నేను తట్టిన రొట్టెను పెంక మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, తిప్పి, పొంగించేదాకా చూస్తూనే ఉంది.

"మా అమ్మ తట్టంగ గూడ గిదే సప్పుడు. నేను సప్పుడుకే నిద్ర లేసేదాన్ని," అంది.

ఎడమ చేత్తో రొట్టె తుంచలేకపోతుంటే, ముక్కలు చేసి వేడి పప్పులో నానబెట్టి ఇచ్చాను. ఆ రోజు అన్నం అడగలేదు.

చింతపండు దగ్గర మాత్రం మాకు కుదరలేదు. గింజలతో ఉన్న నా పాత చింతపండు చూసి ఆమె తల పట్టుకుంది. చింతపండును ఎండలో పెట్టి, గింజ తీసి, ఉప్పు చల్లి, జాడీలో కుక్కి పెట్టాలంటుంది. అలా పెడితే ఏడాదైనా పురుగు రాదు. నాకు మాత్రం గింజలు కావాలి. వాటిని వేయించి నానబెట్టి నమలడం చిన్నప్పటి నుంచి అలవాటు. చివరికి రెండు జాడీలయ్యాయి. ఆమె గింజ తీసిన కొత్త చింతపండు పచ్చిపులుసుకు, గింజలున్న నా పాతది చేపల పులుసుకు అని ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడూ అదే పద్ధతి. కొత్తది నాలుకను వెంటనే గిల్లుతుంది. పాతది ముందు ఊరుకుని, ముద్ద మింగాక పలకరిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి వేసిన పచ్చిపులుసు ఉంటే ఇంకో కూర అక్కరలేదు. పాత చింతపండుతో చేస్తే అది తాగబుద్ధి కాదు. ఈ తేడా నాకు ఆ ఏడే తెలిసింది.

మామిడికాయలు వచ్చేసరికి సిమెంటు పట్టీ తీసేశారు. చెయ్యి సన్నబడి, వేళ్లలో పట్టు లేకుండా పోయింది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. మాకు పెద్ద దిగులు అక్కడ మొదలైంది. ఏటా రెండిళ్లకూ మామిడికాయ తొక్కు కలిపేది అత్తమ్మే. తొక్కుకు చెయ్యి కుదరాలని, కుదరని చెయ్యి పెడితే బూజు పడుతుందని వాళ్ల ఇంట్లో గట్టి నమ్మకం.

"ఈ ఏడు కొనుక్కుందాం తియ్," అంది నా భార్య.

అత్తమ్మ పట్టు లేని వేళ్లు ముడిచి విప్పి చూసుకుంటూ కూర్చుంది. సాయంత్రం నేను మెల్లగా అడిగాను.

"నేను కలుపుదునా అత్తమ్మా? నువ్వు జెప్పినట్టే కలుపుత."

నన్ను దీపం కిందికి రమ్మంది. తర్వాత, "ఏది, చేతులు జూపియ్," అంది. రెండు చేతులూ చాపాను. అటూ ఇటూ తిప్పించి చూసింది. "రొట్టె తట్టే చేతులు. పొడిగనే ఉన్నయి," అంది. నాకు పెద్ద పరీక్ష పాసైనట్టు అనిపించింది.

బజారులో కత్తిపీట పెట్టుకుని కాయలు కొట్టిచ్చేవాళ్ల దగ్గర ముక్కలు కొట్టించుకొచ్చాం. ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, లోపలి పల్చటి పొర తీసేశాం. నేను సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. తుడుచుకున్నా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"చేతులు ఎండల వెట్టు."

"చేతులా?"

"మరి? చేతి గీతలల్ల తడి ఉంటది."

మే నెల ఎండలో, వాకిట్లో, రెండు అరచేతులూ ఆకాశం వైపు చాపి నిలబడ్డాను. ఎదురింటాయన స్కూటరు తీస్తూ ఆగిపోయాడు.

"ఏమైంది తమ్మీ? వాన గిట్ల వడ్తాందా?"

"లేదన్నా. చేతులు ఆరవెడ్తున్న."

ఆయన ఇంకేమీ అడగలేదు. స్కూటరెక్కి, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయాడు.

పెద్ద బేసిన్లో ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, వేయించిన మెంతిపొడి పోశాం. అల్లం వెల్లుల్లి నూరి వేశాం. పల్లి నూనె కాచి చల్లార్చి, నేను ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలుపుతున్నాను. ముక్క కనపడకుండా కారం పట్టిందో లేదో చూడాలంటే ఆమెకు వంగడం కష్టమైంది. పక్కనున్న స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కాసేపటి వరకు తాను కూర్చున్న సంగతే ఆమె గమనించలేదు. నేను గుర్తు చేయలేదు. కలపడం కావాలనే కొంచెం నిదానంగా సాగించాను.

మూడో రోజు జాడీ గుడ్డ విప్పింది. ఊట పైకి తేలి ఎర్రగా మెరుస్తోంది. ఎడమ చూపుడు వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. నేనూ నా భార్యా ఊపిరి బిగపట్టి నిలబడ్డాం.

"ఉప్పు జర వడ్తది," అంది. తర్వాత ఇంకో వేలెడు తీసుకుంది. ఆ తర్వాత ముక్కే తీసుకుంది.

సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసి మాట్లాడుతుంటే నా చెవిన పడింది. "తొక్కు కుదిరింది బిడ్డా, మస్తుగ కుదిరింది. మీకు, మీ మేనమామకు గూడ పంపుత... ఎవరు కలిపిన్రంటవా? గీడ ఇంట్లనే కలిపినం తియ్." అల్లుడు కలిపాడని చెప్పలేదు. నాకు కొంచెం చివుక్కుమంది. కానీ పంపిన జాడీ మూత మీద గుడ్డను ఆమె ఎంత జాగ్రత్తగా కట్టిందో చూసి ఊరుకున్నాను.

వానలు పడ్డాక ఇద్దరం కలిసి అంగడికి పోవడం మొదలైంది. ఆమెకు నడక కావాలని డాక్టరు చెప్పాడు. నాకు సంచి పట్టే మనిషి కావాలి. వానాకాలం అంగడి నాకు అన్నిటికంటే ఇష్టం. బోడకాకరకాయలు చిన్న చిన్న ముళ్ల బంతుల్లా గంపల్లో ఉంటాయి. ఉరుములు ఉరిమిన మర్నాడు పుట్టగొడుగులు తామరాకులో చుట్టుకుని వస్తాయి. అవి అంగడిలో గంట కూడా నిలవవు. పుంటికూర, అదే గోంగూర, కట్టలు కట్టలుగా అప్పుడే కోసినట్టు చల్లగా ఉంటుంది.

బోడకాకర అమ్మే ఆమె ఒకరోజు అత్తమ్మను అడిగింది. "కొడుకా అవ్వా? మంచిగ ఏరుతున్నడు."

"అల్లుడు," అంది అత్తమ్మ.

ఆ అమ్మే మనిషి చేతిలో తక్కెడ ఆగింది. "అల్లునితోని అంగడికొచ్చినవా?"

"నేనేడ తెచ్చిన? ఆయన తోలుకొచ్చిండు. లేతది ఏదో ముదురుది ఏదో ఆయనకే ఎరుక. నేను సంచి పట్టుకునేదాన్ని."

అత్తమ్మ ముఖంలో సిగ్గేమీ కనపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఎడమ చేతిలోని సంచి నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

కృష్ణకు పై నుంచి నీళ్లొచ్చి డ్యాము గేట్లు ఎత్తారని తెలిసి, ముగ్గురం బస్సెక్కి నందికొండ పోయాం. నీళ్లు చూడడానికి చుట్టాలు కూడా వచ్చారు. అందరికంటే పెద్దవాడు అత్తమ్మ అన్న. నా భార్యకు మేనమామ. పెద్ద మీసాలు, గట్టి గొంతు. మా బావమరిది పొద్దున్నే ఒడ్డుకు పోయి పెద్ద బొచ్చె చేప తెచ్చాడు. అతని భార్య దాన్ని ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది కడుగుతోంది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద వెడల్పాటి మట్టి కంచుడు పెట్టారు. అందరూ అత్తమ్మ పులుసు కోసమే చూస్తున్నారు.

ఆమె కంచుడు దగ్గరికి పోయి కుడి చేత్తో అంచు పట్టుకుని చూసింది. వేళ్లు నిలవలేదు. ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు తల మీదికి సర్దుకుని, అందరికీ వినపడేలా అంది.

"ఇయ్యాల పులుసు మా అల్లుడు వండుతడు."

మేనమామ అప్పుడే అన్నంలో తొక్కు కలుపుకుంటున్నాడు. పులుసయ్యేదాకా ఆగలేక ముందే కూర్చున్నాడాయన.

"ఏందే చెల్లే! ఇంటికొచ్చిన అల్లున్ని పొయ్యి కాడ కూసోవెడ్తవా? మనకు ఇజ్జత్ ఉన్నదా?"

"ఆ తొక్కు ఎట్లున్నదే అన్నా?"

"తొక్కుకేంది? రెండు నెలల సంది అదే తింటున్న. నీ చెయ్యి గదా."

"నా చెయ్యి కాదు. అది గూడ ఆయన కలిపిందే."

నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగింది. ఆయన ముద్దను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, "ఊఁ" అన్నాడు. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

కట్టెల పొయ్యి నాకు అలవాటు తప్పి చాలా ఏళ్లయింది. పొగకు కళ్ల నీళ్లు కారుతుంటే నూనె పోసి, నూరిన ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా వేయించాను. అత్తమ్మ పక్కనే పీట మీద కూర్చుని చెప్తోంది. ఈసారి గిన్నెలకు కాదు, నాకే చెప్తోంది. నువ్వులూ ఎండుకొబ్బరీ నూరిన ముద్ద వేశాక, పాత చింతపండు పులుసు పోశాను. మరుగు పట్టాక ముక్కలు ఒక్కొక్కటి జార్చాను. గరిటె అందుకోబోతే నా మణికట్టు పట్టుకుంది.

"ఇంక గంటె వెట్టొద్దు. ముక్క ఇరుగుతది. కంచుడే తిప్పాలె."

రెండు గుడ్డలతో అంచులు పట్టుకుని తిప్పబోయాను. మట్టి కంచుడు, నిండా పులుసు, పెద్ద చేప. ఒక పక్కకు ఒరిగింది. పులుసు అంచు దాకా వచ్చింది. "అరెరె!" అంటూ మేనమామ ఎంగిలి చెయ్యి పంచెకు తుడుచుకుని వచ్చి, తువ్వాలతో రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరం కంచుడును కుదుపు లేకుండా అటూ ఇటూ ఊపాం. పులుసు చుట్టూ తిరిగి ముక్కల మీదికి ఎక్కింది. ఆయన కళ్లల్లోనూ నీళ్లు కారుతున్నాయి.

"మామా, నువ్వు గూడ పొయ్యి కాడికొచ్చినవ్!" అన్నాడు మా బావమరిది.

"పులుసు ఒలికిపోతుంటే సూసుకుంట కూసుందునా?" అన్నాడాయన కోపంగా. కంచుడు దించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అందరూ వరుసగా కూర్చున్నారు. నేనే వడ్డించాను. మేనమామ మొదటి ముద్ద తిని, "పులుపు జర తక్కువైంది," అని కంచం ముందుకు చాపాడు. ఇంకో ముక్క వేశాను. అదీ తిని మళ్లీ చాపాడు.

"తక్కువైతే మూడోసారి ఎందుకే అన్నా?" అంది అత్తమ్మ. వాకిలంతా నవ్వింది. ఆయన కూడా మీసాల కింద నవ్వాడు.

ఆ పులుసు నా అంచనాకు నిజంగానే పులుపు తగ్గింది. ఆ మాట అత్తమ్మ ఆ రోజు అనలేదు. మర్నాడు, చుట్టాలందరూ వెళ్లాక, మిగిలిన పులుసులో జొన్నరొట్టె అద్దుకుని తింటూ చెప్పింది. "పొగల చింతపండు సరిగ్గ పిసకలే నువ్వు. అయినా రాత్రంత ఊరినంక సరివోయింది."

ఆ తర్వాత ఆమె కొట్టును కోడలు నడుపుతోంది. అత్తమ్మ నందికొండలో కొన్నాళ్లు, మా దగ్గర కొన్నాళ్లు ఉంటుంది. ఎన్నాళ్లన్నది ఆమె కాలాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. చింతచిగురుకు వస్తుంది, తొక్కు కలిపించుకుని పోతుంది. దసరా దాటి మా వైపు గుట్టల నుంచి సీతాఫలాలు గంపలకొద్దీ దిగే రోజుల్లో మళ్లీ వస్తుంది. కళ్లు విచ్చిన కాయలు ఏరి, బియ్యం డబ్బాలో దాచి, పండినవాటిని నాకూ నా భార్యకూ సమానంగా పంచి, తన వాటా అందరికంటే ముందే తినేస్తుంది. మా అరల్లో ఇప్పుడు అవిసెల పొడి పక్కన ఎండు రొయ్యల డబ్బా ఉంటుంది. జొన్నపిండి డబ్బా మీద ఎండుచేపల పొట్లం కనపడినా నాకు వింతగా అనిపించదు.

పోయిన చలికాలం మా అమ్మ నారాయణపేట నుంచి వచ్చింది. సంచి నిండా చిక్కుడు లాంటి అనపకాయలు, కొత్త సజ్జపిండి తెచ్చింది. అత్తమ్మ కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉంది. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతుంటే అమ్మ ముఖం చిన్నబోయింది.

"వదినే, ఏమనుకోకు. నా కొడుకు గిట్ల పొయ్యి కాడ నిలవడ్తే మీకెట్లనో అనిపిస్తదేమో."

"ఏమనిపిస్తది వదినే? మంచిగ అనిపిస్తది," అంది అత్తమ్మ. "ఆ రొట్టె తట్టుడు నేర్పినోళ్లు ఎవరోగాని, వాళ్ల చెయ్యి సల్లగుండ."

"మా అత్త నేర్పింది," అంది అమ్మ, కొంచెం గర్వంగా. తర్వాత నా చేతిలో కత్తి తీసుకుంది. "నువ్ జరుగు."

ఇద్దరూ కింద కూర్చుని అనపకాయలు ఒలవడం మొదలుపెట్టారు. అమ్మ గింజలు ఉప్పేసి గుడాలు ఉడికించాలంటుంది. అత్తమ్మ వాటిని రొయ్యల్లో వేస్తే ఎట్లుంటుందో చూద్దామంటుంది. "రొయ్యలల్లనా?" అని అమ్మ, "ఏసి జూద్దాం వదినే!" అని అత్తమ్మ. వాళ్ల మాటలు వాకిట్లోకి వినపడుతున్నాయి. సజ్జరొట్టె ఎంత మందంగా తట్టాలో అడుగుదామని నేనొకసారి లోపలికి తొంగి చూస్తే, "నువ్వు పోయి కూసో," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

నేనూ నా భార్యా వాకిట్లో ఎండలో కూర్చున్నాం. ఆమెకు ఆ రోజు సెలవు. కాసేపటికి అత్తమ్మ వచ్చి రెండు కంచాలు మా ముందు పెట్టింది. ఒక దాంట్లో గుడాలు, ఇంకో దాంట్లో రొయ్యలతో వండిన అనపగింజలు. ఏది బాగుందో చెప్పమంది. లోపలి నుంచి మా అమ్మ కూడా చెవులు రిక్కించి వింటోందని నాకు తెలుసు. నోటి నిండా పెట్టుకుని, మాట్లాడలేనని చేత్తో సైగ చేశాను.